జీవ్స్‌కి జీతం ఉంది

"ప్రతి ఇంట్లోనూ ఒక జీవ్స్ ఉంటుంది, ఆవిడ పేరు ఇల్లాలు" అని ఈ మధ్య ఒక పుస్తకావిష్కరణ సభలో ఒక పెద్దమనిషి సెలవిచ్చారు. హాలు హాలంతా చప్పట్లు. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళు మరీ గట్టిగా కొట్టారు. నేను కొట్టలేదు. ఆయన చెప్పింది అబద్ధమనీ కాదు, ఆయన మీద కోపమూ కాదు. చెప్పింది సగమే. మిగతా సగం కండువాలో దాచేసుకుని, ఈ సగాన్ని పూలదండలా మన మెళ్ళో వేసి ఇంటికి పంపించేశారు. వెళ్ళి వంట చేసుకోమని.

ఆ దాచేసిన సగం గురించే ఈ తగవు.

జీవ్స్ ఎవరో తెలియని వాళ్ళుంటే, నాలుగు ముక్కల్లో చెబుతాను. పి.జి. వుడ్‌హౌస్ అని ఇంగ్లీషు హాస్య రచయిత. 1881లో పుట్టి 1975లో పోయారు. తొంభై పైచిలుకు పుస్తకాలు రాశారు. ఆ పుస్తకాల్లో బెర్టీ ఊస్టర్ అని ఒక కుర్రాడున్నాడు. తల్లీ తండ్రీ లేరు. తరగని డబ్బుంది, లండన్‌లో మేఫెయిర్ పేటలో ఫ్లాటుంది, పొద్దుపుచ్చడానికి డ్రోన్స్ అని ఒక క్లబ్బుంది, ప్రాణం తియ్యడానికి ఇద్దరు మేనత్తలున్నారు. లేనిదల్లా బుర్ర ఒక్కటే. ఆ లోటు తీర్చడానికి జీవ్స్ వచ్చాడు. చాలామంది అతన్ని బట్లరు అనుకుంటారు. కాదు. బట్లరు ఇంటికంతటికీ నౌకరు. జీవ్స్ వాలెట్, అంటే ఒకే ఒక్క దొరబాబుకి ఒంటి మీది బట్టల దగ్గర నుంచి బుర్రలోని ఆలోచనల దాకా అన్నీ సర్దిపెట్టే మనిషి. 1915లో ఒక అమెరికన్ పత్రికలో అచ్చయిన కథలో మొదటిసారి కనిపించి, రెండు ముక్కలు మాట్లాడి తెర వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ తరవాత 1974 దాకా, అరవై ఏళ్ళకి ఒక్క ఏడాది తక్కువగా, 35 చిన్న కథల్లోనూ 11 నవలల్లోనూ నౌకరీ చేశాడు. ఒక్క వెంట్రుక నెరవలేదు.

కథ ఎప్పుడూ ఒకటే. బెర్టీకి ఇష్టంలేని పిల్లతో పెళ్ళి నిశ్చయమవుతుంది. లేకపోతే మేనత్త డాలియా ఎవరింట్లోంచో వెండి ఆవుబొమ్మ పాలగిన్నె దొంగిలించుకు రమ్మంటుంది. బెర్టీ సొంత తెలివి ఉపయోగించి ఆ బురదలో ఇంకో రెండడుగులు లోపలికి దిగుతాడు. జీవ్స్ చప్పుడు చెయ్యకుండా వచ్చి పైకి లాగుతాడు. లాగినందుకు ప్రతిఫలంగా, బెర్టీ మురిసిపోతూ కొనుక్కున్న ఊదారంగు మేజోళ్ళో, కేన్స్ నుంచి మోజుపడి తెచ్చుకున్న తెల్లకోటో, తనకి నచ్చనిది ఏదైతే అది మాయం చేసేస్తాడు. మేజోళ్ళు న్యూయార్కులో లిఫ్టు నడిపే అతని కాళ్ళకి ప్రత్యక్షమవుతాయి. తెల్లకోటు మీద ఇస్త్రీపెట్టె కాస్త ఎక్కువసేపు ఆగిపోతుంది. పొరపాటున! కథ ఒకటే అని తెలిసీ మళ్ళీ మళ్ళీ చదువుతాం. బి.ఏ.లో మాకు విక్టోరియా కాలం నాటి గద్యం చెప్పే క్లాసులో పాఠ్యపుస్తకం చాటున పెట్టుకుని ఈ కథలు చదివి, నవ్వు ఆపుకోలేక దగ్గు నటించిన దాన్ని నేను. కాబట్టి నవ్వు తెలియని ఆడది నవ్వుల పుస్తకం మీద పడి ఏడుస్తోందని అనుకోకండి. నా తగవు పుస్తకంతో కాదు, దాన్ని మనకి కొలబద్దగా తెచ్చి పెట్టిన వాళ్ళతో.

పోలిక బాగానే ఉంది, చూడండి. అయ్యగారికి మెలకువ వచ్చిన సంగతి పక్కగదిలోంచే కనిపెట్టి టీ పట్టుకొచ్చేది జీవ్స్. రాత్రి క్లబ్బులో ఎక్కువైతే పొద్దున్నే పచ్చి కోడిగుడ్డు, సాసు, ఎర్ర మిరప్పొడి కలిపి మందిచ్చేది జీవ్స్. ఏ ఊరికి ఏ పెట్టె సర్దాలో, ఏ విందుకి ఏ టై కట్టాలో, ఇష్టంలేని చుట్టం వస్తే ఏమని చెప్పి పంపెయ్యాలో, స్నేహితుడికిచ్చిన అప్పు తిరిగి రాదని మొహమాటం లేకుండా ఎలా చెప్పాలో అన్నీ జీవ్సే. పైగా ఇదంతా తను చేసినట్టు కనిపించకూడదు. అయ్యగారే చేసినట్టుండాలి. ఈ ఆఖరి ముక్క చదివినప్పుడు మీలో ఎంతమంది ఎవరి వంకో ఓరకంట చూశారో నాకు తెలుసు.

పోలిక అక్కడితో సరి. ఇక తేడా వినండి.

జీవ్స్‌కి జీతం ఉంది. నెల తిరిగేసరికి అందుతుంది. జీతం కాక, పీకల్లోతు కష్టంలోంచి గట్టెక్కించినప్పుడల్లా బహుమానం వేరే. ఒక కథలో డాలియా అత్తయ్య కష్టం, ఆవిడ భర్త కష్టం, బెర్టీ స్నేహితుడి కష్టం అన్నీ ఒకే ఎత్తుతో తీర్చి, ఒకరికి తెలియకుండా ఒకరి దగ్గర నోట్లు అందుకుంటాడు. అన్నీ లెక్క కూడా చెబుతాడు. మనం అత్తగారి కష్టం, ఆడపడుచు కష్టం, మరిది ఉద్యోగం కష్టం ఒకే పండక్కి తీరిస్తే ఏమిస్తారు? "కోడలు బంగారం" అంటారు. బంగారం అంటారు గానీ ఇవ్వరు.

జీవ్స్‌కి సెలవుంది. ఏటా వేసవిలో బోగ్నర్ రీజిస్ అనే సముద్రపు ఊరికి వెళ్ళి, మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగి, రొయ్యలు పట్టుకుంటాడు. ఒక నవలలో హెర్న్ బే వెళతాడు, అక్కడా రొయ్యలే. ఆ రోజుల్లో బెర్టీ ఇంట్లో ఆకాశం విరిగి పడినా అతని సెలవు అతనిది. (ఒకసారి పిలిపిస్తారనుకోండి. అప్పుడు ఇతను వెనక్కి రావడమే పెద్ద ఉపకారం కింద లెక్క.) మనకి సెలవంటే పుట్టిల్లు. పుట్టింట్లో వదినగారి వంటింట్లోకి వెళ్ళి కూరలు తరుగుతాం.

అన్నిటికన్నా పెద్దది, జీవ్స్‌కి మానేసే హక్కుంది. 1934లో వచ్చిన మొదటి జీవ్స్ నవలలో బెర్టీకి బాంజొలేలి అనే తీగల వాయిద్యం పిచ్చి పట్టుకుంటుంది. పొద్దస్తమానం వాయిస్తూ ఉంటాడు. మానమంటే మానడు. జీవ్స్ అరవడు, ఏడవడు, పుట్టింటికి పోతానని బెదిరించడు. మర్యాదగా రాజీనామా ఇచ్చి ఇంకో దొర దగ్గర చేరిపోతాడు. అంతకు ముందు లార్డ్ వర్‌పుల్స్‌డన్ దగ్గర ఉద్యోగం మానేసింది దేనికో తెలుసా? ఆయన రాత్రి భోజనానికి మంచి పంట్లాం మీద ఫ్లానెల్ చొక్కా, వేటకోటు వేసుకుని కూర్చునేవాడట! చూసి సహించలేకపోయాడు. భోజనాల బల్ల దగ్గరకి చిరుగుల బనీను, లుంగీతో వచ్చి కూర్చునే పురుషోత్తముల్ని తలుచుకుని, ఈ కారణం మీద మనలో ఎంతమంది ఈపాటికి రాజీనామాలు ఇచ్చి ఉండాల్సిందో మీరే లెక్క వేసుకోండి.

ఇంకా ఉంది. జీవ్స్‌కి క్లబ్బుంది. కర్జన్ స్ట్రీట్‌లో జూనియర్ గానిమీడ్ అని, బట్లర్లకీ వాలెట్లకీ మాత్రమే. అందులో ఒక పెద్ద పుస్తకం. ప్రతి సభ్యుడూ తన యజమాని గుట్టుమట్లన్నీ అందులో రాసి తీరాలని నియమం. కొత్త ఉద్యోగంలో చేరబోయేవాడు ముందుగా చూసుకోవడానికి. బెర్టీ మీదే 11 పేజీలని ఒక నవలలో ఉంది, పోనుపోనూ 18 అయ్యాయి. నౌకర్లు రాసుకుంటే అది వృత్తికి సంబంధించిన సమాచారం. అదే పని మనం సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తూ చేసుకుంటే అమ్మలక్కల కబుర్లు!

ఈ వివరాలన్నీ సభలో పెద్దమనుషులు చెప్పరు. "మంత్రిలాంటి ఇల్లాలు" దగ్గర ఆగిపోతారు. మంచి భార్య ఎలా ఉండాలో చెప్పే ఒక శ్లోకం ఉంది కదా, పెళ్ళిపందిళ్ళ దగ్గర నుంచి సినిమాల దాకా అందరూ వల్లించేది. దాసిలా పనిచెయ్యాలి, మంత్రిలా సలహా చెప్పాలి, మిగతా నాలుగూ మీకు కంఠతా వచ్చు. ఏ రాజ్యంలోనైనా దాసి ఉద్యోగం వేరు, మంత్రి ఉద్యోగం వేరు. దాసికి కనీసం కూడూ గుడ్డా ఇచ్చేవారు, మంత్రికి అగ్రహారాలిచ్చేవారు. రెండు ఉద్యోగాలూ కలిపి ఒక్క మనిషికి కట్టబెట్టి, దాసికిచ్చే కూడూ గుడ్డాతో మంత్రి జీతం కూడా చెల్లయిపోయిందనిపించిన లెక్కలమాస్టారు ఎవరోగాని, ఆయనకి చెయ్యెత్తి మొక్కాలి.

ఇంగ్లండులో మాత్రం ఏం తక్కువ? అక్కడ మగ నౌకర్ని పెట్టుకుంటే ప్రభుత్వానికి పన్ను కట్టాలి. 1777లో మొదలుపెట్టారు. తరవాత అది ఏడాదికి 15 షిల్లింగుల లైసెన్సు కింద మారి 1937 దాకా సాగింది. అంటే జీవ్స్ మంచి కథలన్నీ అచ్చయిన రోజుల్లో, కుక్కకి లైసెన్సు తీసుకున్నట్టే జీవ్స్‌కీ తీసుకోవాల్సి ఉండేదన్నమాట. ఆడ నౌకర్ల మీద కూడా 1785లో పన్ను వేశారు గానీ ఏడేళ్ళకే ఎత్తేశారు. మగవాడు ఇంటిపని చేస్తే అది విలాసం, పన్ను వెయ్యదగినంత దర్జా. ఆడది చేస్తే అది ఇంట్లో గాలీ వెలుతురూ లాంటిది. దానికి పన్నేమిటి? ఇళ్ళల్లో నౌకరీ చేసి బతికిన వాళ్ళలో ఆ దేశంలోనూ అత్యధికులు ఆడవాళ్ళే. బూట్లు తుడిచి, బొగ్గులు మోసి, మెట్లు కడిగిన ఆ లక్షల మందిలో ఒక్కతె పేరు మీద కూడా 35 హాస్య కథలు రాలేదు. లైసెన్సు కట్టాల్సిన మగవాడి మీద వచ్చాయి.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. బెర్టీని బాగుచేద్దామని చూసే ఆడపిల్లలంతా ఈ కథల్లో రాక్షసులే! ఫ్లారెన్స్ క్రే అనే అమ్మాయి అతని చేత నీతిశాస్త్రం మీద లావుపాటి పుస్తకం చదివిస్తుంది. హొనోరియా గ్లాసప్ రస్కిన్ చదివిస్తుంది. చదివిస్తే చచ్చిపోతాడా? చచ్చినంత పని అయినట్టు రాస్తాడు బెర్టీ, మనమూ "అయ్యో పాపం" అనుకుంటాం. ఆగథా అత్తయ్య పెళ్ళి చేసుకో, ఉద్యోగం చూసుకో అంటే ఆవిడ ముళ్ళకంచె. అదే జీవ్స్ ఏం చేస్తాడు? నువ్వు ఈ మేజోళ్ళు వేసుకోకు, ఈ మీసం పెంచకు, ఈ టోపీ పెట్టకు, ఈ పిల్లని చేసుకోకు, ఈ ఏడు ఫలానా చోటికే విహారయాత్రకి వెళ్ళాలి. పైగా తీరిక వేళల్లో తను స్పినోజా తత్వశాస్త్రం చదువుతూ ఉంటాడు! బుర్రలో పుస్తకం ఉన్న మగ నౌకరు మహామేధావి, బుర్రలో పుస్తకం ఉన్న ఆడపిల్ల గయ్యాళి. అధికారం ఇద్దరూ చెలాయిస్తున్నారు. ఒకరు వినయంగా, చేతులు కట్టుకుని, "తమ చిత్తం" అంటూ చెలాయిస్తే మనకి ముచ్చటేస్తుంది. ఇంకొకరు ఎదురుగా నిలబడి చెబితే ఒళ్ళు మండుతుంది.

ఇక్కడే మనకి వేసిన ఉరి ఉంది. చిన్నప్పటి నుంచీ మనకి నేర్పిందేమిటి? "ఎదురు చెప్పకు, నెమ్మదిగా దారిలోకి తెచ్చుకో. నీదే పైచెయ్యి అవుతుంది, కాని ఆయనకి తెలియనివ్వకు." మా అమ్మమ్మ చెప్పింది, మా అమ్మ చెప్పింది. వారపత్రికల్లో సీరియల్స్ రాసే మేమూ, మరోలా ఏం చెప్పాం గనక? మా నవలల్లో తెలివైన కథానాయికలు సగంమంది జీవ్స్‌కి చీర కట్టినట్టే ఉంటారు. జీవ్స్ అలా నెగ్గుకొస్తున్నాడంటే అతని జేబులో రాజీనామా కాగితం ఉంది. వినయం వెనక ఆ కాగితం ఉంటే అది వ్యూహం. కాగితం లేకుండా ఉత్త వినయం ఒక్కటే ఉంటే దాన్ని ఏమంటారో మీకు తెలుసు.

రెండు ఉద్యోగాలూ ఒకటే అని నేను అనడం కాదు, జీవ్సే ఒప్పుకున్నాడు. పెళ్ళయిన మగవాడి దగ్గర పనిచెయ్యకూడదని అతని నియమం. భార్య వస్తే వాలెట్ పని సరి అని అతనికి బాగా తెలుసు. జీవ్స్ స్వయంగా చెప్పే కథ మొత్తం మీద ఒక్కటే ఉంది. అందులో బెర్టీకి హఠాత్తుగా ఇంట్లో పిల్లల సందడి ఉంటే బాగుండునన్న బుద్ధి పుడుతుంది. అక్కయ్యనీ మేనకోడళ్ళనీ తెచ్చిపెట్టుకుందామనుకుంటాడు. జీవ్స్ ఏం చేశాడు? అతన్ని ఒక ఆడపిల్లల బళ్ళోకి తీసుకుపోయి, అంతమంది పిల్లల ముందు ఉపన్యాసం చెప్పించి, వాళ్ళ కిసుకిసలకి బెదిరి పారిపోయేట్టు చేసి, ఆ బుద్ధి వేళ్ళతో సహా పీకేశాడు. తన ఉద్యోగం పదిలం చేసుకున్నాడు. యజమానిని ఎలా మచ్చిక చేసుకోవాలో కూడా ఆ కథలోనే విప్పి చెబుతాడు. పైకి కనిపించే జీవ్స్ వేరు, లోపలి జీవ్స్ వేరు అని ఆ ఒక్క కథలో తెలుస్తుంది. నన్నడిగితే అన్నిటికన్నా మంచి కథ అదే. కాని అలాంటిది ఇంకోటి రాయలేదు వుడ్‌హౌస్ గారు. తెలివైనవాడు తన కథ తనే చెప్పుకుంటే నవ్వు తగ్గి వొణుకు పుడుతుందని ఆయన గ్రహించారనుకుంటాను.

అందుకే మిగతా కథలన్నీ బెర్టీ నోటివెంట చెప్పించారు. మన మునిమాణిక్యం వారి కాంతం కథలూ అంతే కదా. భర్త చెబుతాడు, భార్య మెరుస్తుంది. తీయగానే ఉంటుంది. కాని కాంతం కలం పట్టుకుని తనే రాసి ఉంటే ఆ ఇంటి కథ ఎలా ఉండేదో అని నాకెప్పుడూ అనుమానమే.

వుడ్‌హౌస్ గారింట్లో ఏం జరిగిందో కూడా చెప్పాలి. రెండేళ్ళ వయసులో ఆయన్ని ఇంగ్లండులో వదిలి తల్లిదండ్రులు హాంకాంగ్ వెళ్ళిపోయారు. తండ్రి అక్కడ మేజిస్ట్రేటు. పిల్లాడు పిన్నమ్మల చేతుల్లోనూ మేనత్తల చేతుల్లోనూ పెరిగాడు. వాళ్ళు పెద్దిళ్ళకి చూడబోతే, పిల్లాణ్ణి నౌకర్ల గదిలోకి పంపించి అక్కడ టీ ఇప్పించేవారట. అత్తలంటే భయం, నౌకర్లంటే చనువు అక్కడ మొదలైంది. పాపం, పసివాడు. నాకు జాలే. 1914లో న్యూయార్కులో ఎథెల్ అనే ఆవిణ్ణి పెళ్ళి చేసుకున్నారు. అప్పటికే ఒక కూతురున్న వితంతువు. ఆవిడ వచ్చాక ఇంటి డబ్బు వ్యవహారాలన్నీ ఆవిడే చూసేది. ఇళ్ళు వెతకడం, సామాను సర్దడం, అతిథుల్ని పిలవడం ఆవిడ. చేతిఖర్చు ఆవిడ దగ్గర తీసుకుని, గదిలో కూర్చుని టైపుమిషను మీద రాసుకోవడం ఆయన. పెళ్ళయిన మర్నాడే అన్నట్టు, 1915లో, ఆయన కథల్లోకి ఒక మనిషి వచ్చాడు. అన్నీ అతనే చూసుకుంటాడు, కుర్రదొర హాయిగా ఉంటాడు! పేరేమో పర్సీ జీవ్స్ అనే వార్విక్‌షైర్ క్రికెట్ ఆటగాడిది. ఆయన ఆట చూసి పేరు నచ్చి పెట్టుకున్నారు. పాపం ఆ ఆటగాడు 1916లో సోమ్ యుద్ధంలో చచ్చిపోయాడు. పేరు ఎక్కడిదో అందరూ చెబుతారు. పని ఎవరిది అని ఒక్కరూ అడగరు. ఎథెల్ గారిని చూసే జీవ్స్‌ని రాశారని నేను సాక్ష్యం చెప్పలేను. తారీఖులు మాత్రం చెప్పగలను. చెప్పాను.

మా కులం వాళ్ళ మాట కూడా ఒకటుంది. అంటే నవలలు రాసే ఆడవాళ్ళ కులం. ఈ కథల్లో రోజీ ఎం. బ్యాంక్స్ అని ఒక రచయిత్రి ఉంది. పేదపిల్ల, గొప్పింటి అబ్బాయి, ప్రేమ, కన్నీళ్ళు రాస్తుంది. రాసి బోలెడు సంపాదిస్తుంది. బెర్టీ స్నేహితుడు బింగో ఆవిణ్ణి పెళ్ళాడి ఆ సంపాదన మీద సుఖంగా బతుకుతాడు. బతుకుతూ ఆవిడ రాతలకి సిగ్గుపడతాడు! డాలియా అత్తయ్య నడిపే ఆడవాళ్ళ వారపత్రికకి రోజీ తన సంసారం గురించి, భర్త ప్రేమను ఎలా నిలుపుకుంటున్నదీ ఒక వ్యాసం చెప్పి రికార్డు చేస్తే, అది అచ్చవకుండా దొంగిలించమని బెర్టీని పంపుతాడు. ఎవరి తిండి తింటూ ఎవరి వ్యాసం దొంగిలించడం! ఆ పత్రిక ఎప్పుడూ అప్పుల్లోనే ఉంటుందనుకోండి. డాలియా అత్తయ్య ప్రతి బిల్లుకీ భర్త దగ్గర చెయ్యి చాచాలి. ఆయనకి అజీర్తి ఉన్న రోజు డబ్బు రాలదు. అందుకని మంచి వంటవాణ్ణి సంపాదించి, ఆయన పొట్ట బాగుచేసి, చెక్కు రాయించుకోవాలి. ఇంకోసారి ఒక రచయిత్రి సీరియల్ కొనడానికి తన ముత్యాలహారమే తాకట్టు పెట్టింది ఆ మహాతల్లి. ఏ సంపాదకురాలైనా నా సీరియల్ కోసం గాజులు తాకట్టు పెడితే చూసి తరించాలని నాకూ ఉంది. లోకమంతా ఈ డాలియా అత్తయ్య హాస్యానికి పగలబడి నవ్వుతుంది. నవ్వండి, నేనూ నవ్వాను. కాని మొగుడి జీర్ణశక్తి మీద పత్రిక భవిష్యత్తు ఆధారపడిందంటే, ఆ నవ్వులో ఒక ముల్లు ఉందో లేదో నమిలి చూడండి.

"సరదా కథల్లో ఇవన్నీ వెతుకుతారా?" అని అడిగేవాళ్ళకి నా జవాబు చిన్నది. పోలిక తెచ్చింది మేము కాదు. సరదా కథని ఆడదానికి బిరుదుగా తగిలించకపోతే, నేను ఇంకో పదిసార్లు హాయిగా చదువుకునేదాన్ని. తెలివైన నౌకరు అంటే విప్లవం అని వాదించేవాళ్ళూ ఉన్నారు. ఫ్రాన్సులో బోమార్షే నాటకంలో ఫిగారో ఉన్నాడు, అతనూ నౌకరే. దొరవారు పుట్టడం తప్ప చేసిన ఘనకార్యం ఏమిటని నిలదీస్తాడు, తను పెళ్ళాడబోయే సుజాన్ మీద దొర కన్నేస్తే ఎదురుతిరుగుతాడు. ఆ నాటకం పారిస్‌లో 1784లో ఆడారు, అయిదేళ్ళకి విప్లవం వచ్చింది. జీవ్స్ అరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ ప్రశ్న అడగలేదు. అతనికి అవసరం లేదు. అతనికి కావలసినవన్నీ అతనికున్నాయి. అడగాల్సిన అవసరం ఉన్నవాళ్ళని అతనితో పోల్చి నోరు మూయిస్తున్నారు. అదీ నా గొడవ.

ఇంతసేపూ మనల్ని మనం జీవ్స్ కింద లెక్కవేసుకుని వాపోయాం. ఒక్క నిమిషం ఇటు తిరగండి. 1953లో వచ్చిన ఒక జీవ్స్ నవలలో బెర్టీ కనపడడు. రోజులు మారిపోయాయి, నౌకర్లు దొరకరేమో అని, దొరలకి సొంతపనులు నేర్పే బళ్ళో చేరాడు. పక్క వేసుకోవడం, బూట్లు తుడుచుకోవడం, మేజోళ్ళకి చిరుగులు కుట్టుకోవడం. కుట్టులో మనవాడికి ఏకంగా బహుమతి వచ్చింది! తీరా చూస్తే రాత్రిళ్ళు గుట్టుగా ఒక ముసలావిణ్ణి గదిలోకి రప్పించి ఆవిడ చేత కుట్టించాడు. బళ్ళోంచి వెళ్ళగొట్టారు. ఇదంతా జీవ్స్ ఒక చిన్న పేరాలో చెప్పి ఊరుకుంటాడు. ఆ ముసలావిడ పేరు లేదు.

జీవ్స్‌కి రెజినాల్డ్ అనే సొంతపేరు ఉందని 1971 నవలలో తెలిసి అభిమానులంతా ఆనందంతో గంతులేశారు. ఆ ముసలావిడ పేరు అడిగినవాళ్ళు నాకు కనపడలేదు. మనింట్లో అంట్లు తోమే మనిషి సంగతి? పేరు తెలుసు, సరే. ఊరు? రోజుకి ఎన్ని ఇళ్ళు? నెలకి ఎన్ని సెలవులు? ఆవిడ రెండు రోజులు రాకపోతే మనం బాల్కనీల్లో నిలబడి ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటామో, ఆ మాటల్లో బెర్టీ ఊస్టర్ గొంతు వినపడుతుందో లేదో చూసుకోండి. మనం సగంరోజు జీవ్స్‌లం, సగంరోజు బెర్టీలం. జీతం అడగాల్సిన చోట నోరు రాదు, జీతం ఇవ్వాల్సిన చోట చెయ్యి రాదు.

క్రిందటి నెల మా అపార్టుమెంట్లో ఆడవాళ్ళమంతా కూర్చున్నప్పుడు, పనివాళ్ళకి నెలకి నాలుగు రోజులు జీతం కోయకుండా సెలవిద్దామని ప్రతిపాదించాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆఖరికి రెండో అంతస్తు పిన్నిగారు, "నాలుగు రోజులు సెలవిస్తే ఎక్కడికి వెళుతుందమ్మా అది?" అన్నారు.

"రొయ్యలు పట్టుకోడానికి వెళుతుంది పిన్నిగారూ" అన్నాను.

నాకు మతి పోయిందనుకున్నట్టున్నారు. సంగతి వచ్చే నెలకి వాయిదా పడింది. నేను వదలదలుచుకోలేదు.